నీళ్లు చేదిన బాయి, నీళ్లు చేదిన బొక్కెన: ఇంగ్లీషు రిలేటివ్ ప్రొనౌన్ దగ్గర తెలుగు తడబడే చోటు

పదో తరగతి ఇంగ్లీషులో రెండు చిన్న వాక్యాలిచ్చి 'హూ'తోనో 'విచ్'తోనో కలపమనే ప్రశ్న అంటే పిల్లలకు ధైర్యం. కష్టపడకుండా మార్కులొచ్చే ప్రశ్న అది. ఈ హూ, విచ్, దట్‌లనే రిలేటివ్ ప్రొనౌన్లు అంటారు. నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ట్యూషన్లలో దానికి చెప్పే సూత్రం ఒకటే: మనిషైతే హూ, వస్తువైతే విచ్, ఏదీ తోచకపోతే దట్. సూత్రంలో తప్పేమీ లేదు. కానీ అదే పిల్లలు డిగ్రీ దాటి ఇంటర్వ్యూలకు పోయే వయసులో మాట్లాడే ఇంగ్లీషు వింటే సంగతి వేరుగా ఉంటుంది.

"ద విలేజ్ ఐ లివ్ ఈజ్ నియర్ దేవరకొండ." "ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్ ఈజ్ మిస్సింగ్." "ద మ్యాన్ హిజ్ బైక్ వాజ్ స్టోలెన్ వెంట్ టు ద పోలీస్ స్టేషన్." "దేర్ ఈజ్ వన్ లేడీ సెల్స్ జొన్న రొట్టె నియర్ ద బస్టాండ్."

వీటిలో మనిషికి విచ్ పెట్టిన వాక్యం గానీ, వస్తువుకు హూ పెట్టిన వాక్యం గానీ ఒక్కటీ లేదు. బడిలో జాగ్రత్త నేర్పింది ఒక చోట, తప్పు జరుగుతున్నది ఇంకో చోట. ఆ రెండో చోటు తెలియాలంటే, ఒక నామవాచకాన్ని ఇంకో వాక్యంతో వర్ణించే ఈ పనిని తెలుగు ఎట్లా చేసుకుంటుందో ముందు చూడాలి.

తెలుగుకు మామూలుగా ఇక్కడ సర్వనామంతో పనే లేదు. క్రియనే విశేషణంగా మార్చి నామవాచకం ముందు నిలబెడుతుంది. వచ్చిన మనిషి, కొన్న పుస్తకం, వండని కూర, పారే నీళ్లు. వ్యాకరణాల్లో దీని పేరు ధాతుజ విశేషణం. 'పారే', 'వచ్చే' లాంటి రూపాలు తెలుగు వాచకాల్లో తద్ధర్మార్థకం అన్న పేరుతో కనిపిస్తాయి. పేర్లు పక్కనబెట్టి పాలమూరు చేదబాయి దగ్గరికి పోయి చూస్తే విషయం తేటగా కనబడుతుంది.

నీళ్లు చేదిన మనిషి. మనిషి చేదిన నీళ్లు. నీళ్లు చేదిన బాయి. నీళ్లు చేదిన బొక్కెన. నీళ్లు చేదిన పొద్దు.

ఐదింటిలోనూ 'చేదిన' అన్న మాట అక్షరం కూడా మారలేదు. మనిషి పని చేసింది. నీళ్ల మీద పని జరిగింది. బాయిలోంచి జరిగింది, బొక్కెనతో జరిగింది, ఒకానొక పొద్దున జరిగింది. ఈ ఐదు సంబంధాల్లో ఒక్కదాన్నీ క్రియ బయటపెట్టదు. 'లోంచి', 'తో' అన్నవి మాయమైపోయాయి. బాయి అంటే ఏమిటో బొక్కెన అంటే ఏమిటో వినేవాళ్లకు తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. ఎవరూ "బొక్కెనలోంచి చేదారా, బొక్కెనతో చేదారా" అని అడగరు.

ఇంగ్లీషులో ఈ ఐదూ ఐదు రకాలు. "ద ఉమన్ హూ డ్రూ ద వాటర్." "ద వాటర్ దట్ ద ఉమన్ డ్రూ." "ద వెల్ దట్ ద ఉమన్ డ్రూ ద వాటర్ ఫ్రమ్." "ద బకెట్ దట్ ద ఉమన్ డ్రూ ద వాటర్ విత్." "ద మార్నింగ్ వెన్ ద ఉమన్ డ్రూ ద వాటర్." తెలుగు వదిలేసిన 'లోంచి', 'తో' ఇక్కడ ఫ్రమ్, విత్ రూపంలో వాక్యం చివర అట్లాగే మిగిలాయి. వాటి పక్కన ఉండాల్సిన నామవాచకం ముందుకు పోయింది, అది ఉన్న చోటు ఖాళీ అయింది. ఇంగ్లీషు రిలేటివ్ క్లాజ్ అంటేనే లోపల ఎక్కడో ఒక ఖాళీ ఉన్న వాక్యం. హూ, విచ్, దట్ ఆ ఖాళీకి గుర్తులు. నేర్చుకోవాల్సింది మొదట ఆ ఖాళీ ఎక్కడుందో పట్టుకోవడం. గుర్తుల ఎంపిక ఆ తర్వాతి మాట.

పాము తిన్న కప్ప

ఖాళీ ఎక్కడుందో తెలుగు ఎంతగా దాచిపెడుతుందో చూడాలంటే ఈ రెండు చాలు: పాము తిన్న కప్ప, కప్ప తిన్న పాము. రెండింటికీ ఒకటే అచ్చు. నామవాచకం, తిన్న, నామవాచకం. మొదటిదానిలో తిన్నది ముందున్న పాము, రెండోదానిలో తిన్నది చివర ఉన్న పాము. 'కప్పను తిన్న పాము' అని 'ను' చేర్చి చెప్పొచ్చు, కానీ చేర్చకున్నా ఎవరూ పొరబడరు. ఏది దేన్ని తింటుందో వ్యాకరణం చెప్పలేదు, లోకజ్ఞానం చెప్పింది.

ఇంగ్లీషు ఈ విషయంలో లోకజ్ఞానాన్ని నమ్ముకోదు. "ద ఫ్రాగ్ దట్ ద స్నేక్ ఏట్", "ద స్నేక్ దట్ ఏట్ ద ఫ్రాగ్". రెండింటిలోనూ దట్ దట్టే. తేడా దాని పక్కనే ఉంది. దట్ తర్వాత నేరుగా క్రియ వస్తే ఖాళీ కర్త స్థానంలో ఉన్నట్టు. దట్ తర్వాత ఇంకో మనిషో వస్తువో వచ్చి ఆ తర్వాత క్రియ వస్తే, ఖాళీ క్రియ వెనకాల ఎక్కడో ఉన్నట్టు. మనిషా వస్తువా అన్న ప్రశ్న కన్నా ఈ ఒక్క పరీక్ష పదిరెట్లు పనికొస్తుంది, ఎందుకంటే దీంతో మరో రెండు చిక్కులు కూడా విడిపోతాయి.

ఒకటి, ఎప్పుడు దట్ వదిలేయొచ్చు అన్నది. కామాలు లేని క్లాజ్‌లో ఖాళీ కర్మ స్థానంలో ఉంటే వదిలేయొచ్చు: "ద శారీ షి బాట్ ఇన్ గద్వాల్". కర్త స్థానంలో ఉంటే మామూలు రాతలో వదలరాదు. 'వన్ లేడీ సెల్స్ జొన్న రొట్టె' తప్పు కావడానికి కారణం ఇదే. అక్కడ హూ పడిపోతే వినేవాళ్లకు 'లేడీ సెల్స్' అన్నదే అసలు వాక్యంలా వినబడి దారి తప్పుతారు. తెలుగులో 'రొట్టెలమ్మే ఆమె' అనే అలవాటున్న నోటికి అక్కడ ఒక మాట కావాలన్న స్పృహ రాకపోవడం సహజమే.

రెండోది హూమ్. ఖాళీ కర్మదైతేనే దాని ముచ్చట. "ద లీడర్ హూమ్ ద పీపుల్ ఎలెక్టెడ్" అని రాతలో రాస్తారు, మాటలో ఇంగ్లీషువాళ్లు కూడా హూ అనేస్తారు, ఇంకా ఎక్కువగా ఏమీ అనకుండా వదిలేస్తారు. ప్రిపోజిషన్ ముందుకొస్తే మాత్రం హూమ్ తప్పదు: టు హూమ్, ఫర్ హూమ్. పోటీ పరీక్షల కోసం ఇంతకన్నా లోతుకు పోవాల్సిన పని లేదు.

మిగిలిపోయిన 'ఇట్', పోయిన 'ఇన్'

'ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్' అన్న తప్పుకు తెలుగును మాత్రమే నిందించడం న్యాయం కాదు. సగం తప్పు ఆ పరీక్ష ప్రశ్నదే. "ఐ బాట్ ఎ బుక్. ఇట్ ఈజ్ మిస్సింగ్." అని ఇచ్చి కలపమంటారు. పిల్లలు రెండు వాక్యాల మధ్య విచ్ అతికిస్తారు. అతికించడం అందరూ చెబుతారు, తీసేయడం గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. విచ్ వచ్చిందంటే ఇట్ పోవాలి, ఆ రెండూ ఒకే వస్తువు. ఖాళీని మళ్లీ నింపితే ఖాళీ ఎట్లా అవుతుంది?

ఈ తప్పు మొద్దుతనం కాదని కూడా చెప్పాలి. అరబ్బీలో 'నేను చదివిన పుస్తకం' అనాలంటే 'నేను దాన్ని చదివిన పుస్తకం' అన్నట్టే చెబుతారు. అక్కడ ఆ 'దాన్ని' ఉండడమే పద్ధతి. ఖాళీని సర్వనామంతో నింపే భాషలు లోకంలో చాలా ఉన్నాయి. ఇంగ్లీషు వాటిలో చేరలేదు, అంతే.

ఇట్ మిగిలిపోవడం కన్నా మొండి తప్పు ఇన్ పోవడం. 'నేను ఉండే ఊరు' అన్నప్పుడు 'ఊళ్లో' అన్న 'లో' ఎక్కడా వినబడదు. అందుకే నేరుగా 'ద విలేజ్ ఐ లివ్' వస్తుంది. ఆ 'లో'ను ఇంగ్లీషులో వెనక్కి తెచ్చుకునే దారులు మూడు: 'ద విలేజ్ ఐ లివ్ ఇన్', 'ద విలేజ్ ఇన్ విచ్ ఐ లివ్', 'ద విలేజ్ వేర్ ఐ లివ్'. మొదటిది మాటకు, రెండోది దరఖాస్తుకు, మూడోది రెంటికీ. ప్రిపోజిషన్‌తో వాక్యం ముగించకూడదని ఇప్పటికీ చెప్పే మాస్టార్లు ఉన్నారు. 1672లో జాన్ డ్రైడెన్ అనే ఇంగ్లీషు కవి, తన కన్నా ముందుతరం నాటకకర్త రాతలో దాన్ని తప్పుపట్టాడు. ఆ పట్టింపు అప్పటి నుంచి బడుల్లో తిరుగుతూనే ఉంది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ప్రిపోజిషన్లను చివర వదులుతూనే ఉన్నారు.

వేర్ తెలిశాక కొత్త చిక్కు మొదలవుతుంది: ఊరు కనబడగానే వేర్ పెట్టేయడం. పోచంపల్లిని తీసుకుంటే ఇది బాగా తెలుస్తుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికి వచ్చినప్పుడు దళితులు తమకు సాగు భూమి కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని ముందుకొచ్చారు. భూదానోద్యమం అట్లా మొదలైంది. దీన్ని ఇంగ్లీషులో రాసేటప్పుడు "పోచంపల్లి, వేర్ ద భూదాన్ మూవ్‌మెంట్ బిగాన్" అనాలి, "పోచంపల్లి, విచ్ వినోబా భావే విజిటెడ్ ఇన్ 1951" అనాలి. ఊరు అదే, సందర్భం అదే. కానీ మొదటిదానిలో ఖాళీ 'ఇన్ పోచంపల్లి'ది, రెండోదానిలో ఖాళీ ఉత్త 'పోచంపల్లి'ది, ఎందుకంటే విజిట్ అన్న క్రియకు ప్రిపోజిషన్ అక్కర లేదు. 'వేర్ వినోబా విజిటెడ్' అని రాస్తే అదనంగా ఒక 'లో' వచ్చి చేరినట్టు. 'ద విలేజ్ వేర్ ఐ లివ్ ఇన్' అన్నది ఇదే తప్పుకు మరో ముఖం. వేర్‌లోనే ఇన్ ఉంది, మళ్లీ ఇంకోటి ఎందుకు?

ఖాళీయే లేని చోటు కూడా ఉంది. తెలుగువాళ్లు అతిగా ఇబ్బంది పడేది నిజానికి అక్కడ. బస్సు వచ్చిన చప్పుడు, ఉల్లిగడ్డ వేగిన వాసన, వాన పడ్డ సంగతి. చప్పుడు రాలేదు, చప్పుడులోంచీ రాలేదు, చప్పుడుతోనూ రాలేదు. 'బస్సు వచ్చింది' అన్న వాక్యంలో చప్పుడుకు చోటే లేదు. అయినా తెలుగు 'వచ్చిన' అన్న అదే రూపాన్ని దాని ముందు పెట్టేసి ఊరుకుంటుంది. ఇంగ్లీషు రిలేటివ్ ప్రొనౌన్ ఇక్కడ అడుగు పెట్టలేదు. 'ద సౌండ్ విచ్ ద బస్ కేమ్' అంటే ఏమీ కాదు. 'ద సౌండ్ ఆఫ్ ద బస్ కమింగ్', 'ద స్మెల్ ఆఫ్ ఆనియన్స్ ఫ్రయింగ్' అని దారి మార్చుకోవాలి.

'వాన పడ్డ సంగతి'కి మాత్రం 'ద న్యూస్ దట్ ఇట్ హాడ్ రెయిన్డ్' అనొచ్చు. కానీ ఆ దట్ వేషం ఒకటే అయినా వేరే మనిషి. 'ద న్యూస్ దట్ షి బ్రాట్' అంటే ఆమె తెచ్చిన వార్త. బ్రాట్ తర్వాత ఖాళీ ఉంది, దట్ తీసి విచ్ పెట్టినా నడుస్తుంది. 'ద న్యూస్ దట్ షి పాస్డ్ ద ఎగ్జామ్' అంటే ఆమె పాసైందన్న వార్త. వాక్యం లోపల ఖాళీ లేదు, విచ్ పెడితే కూలిపోతుంది. ఈ రెండో దట్‌కు తెలుగులో సరిపోయేది 'అన్న'. 'పాసైందన్న వార్త', 'తెచ్చిన వార్త' అని పక్కపక్కన పెట్టుకుంటే రెండు దట్‌లూ మళ్లీ కలిసిపోవు.

కొడుకులు బొంబాయి పోయిన ముసలోళ్లు

పాలమూరు నుంచి కూలికి బొంబాయి పోవడం తరాల కథ. ఊళ్లలో మిగిలేది ముసలోళ్లు. 'కొడుకులు బొంబాయి పోయిన ముసలోళ్లు' అన్న మాటను విడదీస్తే, పోయింది కొడుకులు, మాట చెప్పేది ముసలోళ్ల గురించి. ఇద్దరికీ మధ్య ఉన్న 'వాళ్ల' అన్న షష్ఠి ఎక్కడా పైకి కనబడదు. ఇంగ్లీషులో ఆ కనబడనిది హూజ్ అవుతుంది: 'ద ఓల్డ్ పీపుల్ హూజ్ సన్స్ హావ్ గాన్ టు బాంబే'. 'ద ఓల్డ్ పీపుల్ దెయిర్ సన్స్ వెంట్' అనే తప్పు పుట్టేది ఇక్కడే. సంబంధం ఉందని మనసుకు తెలుసు, దెయిర్ చెబుతుంది కూడా. కానీ దెయిర్ రెండు వాక్యాలను కలపదు, హూజ్ కలుపుతుంది.

హూజ్ మనుషులకే అని చాలామంది నమ్మకం. వస్తువులకూ ఊళ్లకూ గుళ్లకూ కూడా వాడొచ్చు, శతాబ్దాలుగా వాడుతున్నారు. 'చెరువు ఎండిన ఊరు' అంటే 'ద విలేజ్ హూజ్ ట్యాంక్ డ్రైడ్ అప్'. నల్గొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం గురించి రాయాలంటే 'ఎ టెంపుల్ హూజ్ ఇన్నర్ వాల్ హోల్డ్స్ ఎ పిల్లర్ లైక్ షాడో ఆల్ డే' అని నిశ్చింతగా రాయొచ్చు. 'ద ఇన్నర్ వాల్ ఆఫ్ విచ్' అని మెలికలు తిప్పితే తప్పు కాదు గానీ నోరు తిరగదు.

అన్ని భాషలూ ఈ షష్ఠి దాకా రాలేవు. ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ అనే ఇద్దరు భాషావేత్తలు 1977లో, ఖాళీ ఏయే స్థానాల్లో రాగలదో చెప్పే ఒక మెట్ల వరుసను చూపించారు. పైన కర్త, దాని కింద కర్మ, ఆ కింద 'కి', ఇంకా కింద 'తో, లోంచి, లో' లాంటివి, అక్కడి నుంచి దిగితే షష్ఠి, చిట్టచివర 'కన్నా' అనే పోలిక. ఒక భాష ఈ మెట్లలో ఎంత కిందికి దిగగలిగితే దాని పైనున్న మెట్లన్నీ దానికి అందినట్టే. మడగాస్కర్‌లోని మలగాసీ మొదటి మెట్టు దగ్గరే ఆగుతుంది, ఇంగ్లీషు కింది దాకా పోతుంది. తెలుగు ధాతుజ విశేషణం కూడా చాలా కిందికి దిగుతుంది, బొక్కెన దాకా, ముసలోళ్ల దాకా. తేడా ఏమిటంటే ఏ మెట్టు మీద ఉందో తెలుగు చెప్పదు.

ఇంతకీ తెలుగులో హూ లాంటిదే లేదా అంటే, ఉంది. రెండు ముక్కలుగా ఉంది. "ఎవరైతే ఫీజు కట్టలేదో వాళ్లు లేచి నిలబడండి." ప్రైవేటు బడిలో చదివినవాళ్లెవరూ మరిచిపోలేని వాక్యం ఇది. 'ఎవరైతే' ఒక వైపు, 'వాళ్లు' ఇంకో వైపు. 'ఎక్కడ పోగొట్టుకున్నామో అక్కడే వెతుక్కోవాలి' అన్న సామెతలో 'ఎక్కడ', 'అక్కడ' ఇట్లాంటి జంటే. ఉర్దూలో 'జో', 'వో' అన్నదీ ఇదే తీరు, పాలమూరు బజార్లో ఉర్దూ వింటూ పెరిగినవాళ్ల చెవికి ఇది రెండింతలు అలవాటు. ఈ జంటను ఇంగ్లీషులోకి మోసుకుపోతే 'హూ డిడ్ నాట్ పే ద ఫీజ్, దే స్టాండప్' అవుతుంది. ఇంగ్లీషులో ముందు నామవాచకమో సర్వనామమో నిలబడాలి, హూ దాని వెనక రావాలి: 'దోజ్ హూ హావ్ నాట్ పెయిడ్ ద ఫీజ్, స్టాండప్'. ముందు 'దోజ్' రాకుండా హూ నోరు విప్పితే వినేవాళ్లకు అది ప్రశ్నలా వినబడుతుంది.

ఈ 'ఎవరైతే' రూపం తెలుగులో కొన్ని చోట్లకే సరిపోతుంది: ఎవరో తెలియనప్పుడు, ఎవరైనా కావొచ్చు అన్నప్పుడు. ఈ మధ్య టీవీ రిపోర్టర్లు దాన్ని ఉన్నచోటా లేనిచోటా దంచుతున్నారు. "ఏదైతే సాగర్ ప్రాజెక్టు ఉందో, ఆ ప్రాజెక్టుకు సంబంధించి ఏవైతే గేట్లు ఉన్నాయో, ఆ గేట్లను ఎత్తడం జరిగింది." సాగర్ గేట్లు ఎత్తారు అంటే అయిపోయే మాట. సాగర్ ఏదో తెలియకనా?

నువ్వు చెప్పింది, నువ్వు చెప్పిన మాట

'ద థింగ్ వాట్ యూ సెడ్', 'ఆల్ వాట్ ఐ నో' అన్న తప్పులకు తెలుగులోనే మందు ఉంది. 'చెప్పిన మాట' అన్నప్పుడు నామవాచకం బయట ఉంది. 'చెప్పింది' అన్నప్పుడు దాన్ని క్రియే మింగేసింది. వాట్ సరిగ్గా ఈ రెండోదానికి సమానం. 'నువ్వు చెప్పింది నిజం' అంటే 'వాట్ యూ సెడ్ ఈజ్ ట్రూ'. 'నువ్వు చెప్పిన మాట నిజం' అంటే 'ద థింగ్ దట్ యూ సెడ్ ఈజ్ ట్రూ'. బయట థింగ్, ఆల్, ఎవ్రీథింగ్ ఏదైనా ఉంటే వాట్‌కు చోటు లేదు. 'చెప్పిందంతా' దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. తెలుగులో 'అంతా' వెనక తగిలింది కానీ ఇంగ్లీషులో అది ఎవ్రీథింగ్ అయి ముందుకొచ్చి నిలబడుతుంది, కాబట్టి దట్ కావాలి: 'ఎవ్రీథింగ్ దట్ యూ సెడ్'. ఆల్, ఎవ్రీథింగ్, నథింగ్ తర్వాతా, 'ద బెస్ట్', 'ద ఓన్లీ' లాంటివాటి తర్వాతా విచ్ కన్నా దట్టే వినసొంపు.

మనిషికి హూ, వస్తువుకు విచ్ అన్న సూత్రం ఇంగ్లీషులోనూ పుట్టుకతో వచ్చింది కాదు. పాత ఇంగ్లీషులో హూ ప్రధానంగా ప్రశ్నకే వాడేవాళ్లు. రిలేటివ్‌గా విచ్ ముందు స్థిరపడింది, హూ చాలా ఆలస్యంగా వచ్చింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ప్రభువు ప్రార్థన 'అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్' అనే మొదలవుతుంది. దేవుడికే విచ్! తర్వాతి కాలం ప్రార్థనల్లో అది 'హూ ఆర్ట్' అయింది. తెలుగు చర్చిల్లో అదే మాట 'పరలోకమందున్న మా తండ్రీ'. 'ఉన్న' ముందుకొచ్చి కూర్చుంది, హూ విచ్ తగాదాకు తావే లేకుండా పోయింది.

ఇంగ్లీషు 'అవర్ ఫాదర్'తో మొదలై ఎక్కడుండే తండ్రో తర్వాత చెబుతుంది. తెలుగు ఎక్కడుండేదీ చెప్పి చివరికి తండ్రి దగ్గరికి వస్తుంది. చిన్న మాటలో ఇది ఇబ్బంది పెట్టదు. జిల్లా పేజీ వార్తలో పెడుతుంది. "సాగర్ రోడ్డుపై ఆగి ఉన్న లారీని ఢీకొన్న బస్సులో ప్రయాణిస్తున్న ఇద్దరు విద్యార్థులు గాయపడ్డారు." ఎవరి గురించి వార్తో తెలిసేది చివర్లో. దీన్ని ఎడమ నుంచి కుడికి మాట మాట చొప్పున ఇంగ్లీషు చేయబోతే లారీ దగ్గరే ఇరుక్కుపోతారు. కుడి నుంచి మొదలుపెట్టాలి: 'టూ స్టూడెంట్స్ హూ వర్ ట్రావెలింగ్ ఇన్ ఎ బస్ దట్ హిట్ ఎ పార్క్‌డ్ లారీ'. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలిచ్చారు. ఆ రెండు పేజీలను పక్కపక్కన పెట్టుకుని 'ఉన్న', 'చేసిన' దగ్గర వేలు పెట్టి చూపిస్తే, ఇంగ్లీషు వాక్యం అవే సంగతులను ఎదురు కొస నుంచి చెబుతున్నట్టు పిల్లలే కనిపెడతారు. ఇంత మంచి సాధనం చేతిలో ఉండగా గైడు పుస్తకాల వెంట పడడం ఎందుకో తెలియదు.

ఇక కామా. తెలుగులో దీనికి బదులైనది ఏదీ లేదు, అందుకే పెద్దగా పట్టించుకోరు. కానీ డబ్బు లెక్కలు మారిపోయేది దీనితోనే. శ్రీశైలం జలాశయం కింద పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగాయి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌కు తరలించారు. అట్లాంటి ముంపు ఊరికి ఇంగ్లీషులో ఒక నోటీసు వచ్చిందనుకుందాం. 'ద ఫార్మర్స్ హూ లాస్ట్ దెయిర్ ల్యాండ్ విల్ బి పెయిడ్' అని ఉంటే భూమి పోయిన రైతులకే పైసలు, మిగతావాళ్లకు లేవు. 'ద ఫార్మర్స్, హూ లాస్ట్ దెయిర్ ల్యాండ్, విల్ బి పెయిడ్' అని ఉంటే రైతులందరికీ పైసలు, అందరి భూమీ పోయింది కాబట్టి. తెలుగులో రెండూ 'భూమి కోల్పోయిన రైతులకు చెల్లిస్తారు'. ఎవరెవరో తేల్చాలంటే 'రైతులందరూ భూమి కోల్పోయారు, వాళ్లకు' అని రెండు వాక్యాలుగా విడగొట్టాల్సిందే.

కామాల మధ్య వచ్చే క్లాజ్‌కు దట్ పనికిరాదు, హూ లేదా విచ్ ఉండాలి, వదిలేయడమూ కుదరదు. కామాలు లేని చోట విచ్ పెట్టొచ్చా, దట్టే పెట్టాలా అన్నది వేరే తగవు. హెచ్. డబ్ల్యూ. ఫౌలర్ 1926 నాటి తన వాడుక నిఘంటువులో దట్‌ను కామాలు లేని క్లాజ్‌కు, విచ్‌ను కామాలున్న క్లాజ్‌కు పంచేస్తే బాగుంటుందని సూచించాడు. అమెరికా సంపాదకులు దాన్ని నియమంగా పాటిస్తారు, బ్రిటన్‌లో రెండూ నడుస్తాయి. కంప్యూటర్‌లో గ్రామర్ చూసే సాఫ్ట్‌వేర్ విచ్ కింద గీత గీస్తే బెదరాల్సిన పని లేదు. చాలాసార్లు అది అమెరికా అలవాటును గుర్తు చేస్తున్నది, అంతే.

ఒంటి పేర్ల తర్వాత కామా తప్పనిసరి. రావి నారాయణరెడ్డి, మహబూబ్‌నగర్, పాలమూరు పిల్లలమర్రి చెట్టు ఒక్కొక్కటే కాబట్టి వాటిలోంచి ఎంచుకునేది ఏమీ లేదు: 'రావి నారాయణరెడ్డి, హూ వన్ ఫ్రమ్ నల్గొండ ఇన్ 1952'. 'మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ సూర్యాపేట' అని కామా లేకుండా రాస్తే ఇంకో ఊళ్లో ఇంకో అన్నో తమ్ముడో ఉన్నట్టు.

కామా తర్వాత విచ్‌కు ఇంకో వాడుక ఉంది. అక్కడ అది ఒక వస్తువును కాకుండా ముందున్న మాట మొత్తాన్నీ అందుకుంటుంది. 'ఇట్ డిడ్ నాట్ రెయిన్ టిల్ జులై, విచ్ మెంట్ దట్ ద కాటన్ హాడ్ టు బి సోన్ అగెయిన్.' జులై దాకా వాన పడలేదు, దాంతో పత్తి మళ్లీ విత్తాల్సి వచ్చింది. తెలుగులో 'దాంతో', 'అందువల్ల' అని కొత్త వాక్యం ఎత్తుకునే చోటు ఇది. ఇక్కడ దట్ గానీ వాట్ గానీ పనిచేయవు. విచ్ ముందు కామా మరిచిపోతే మాత్రం వాన పడకపోవడం కాదు, జులై నెలే పత్తిని మళ్లీ విత్తించినట్టు చదువుకుంటారు.